ఫోను మామ కూతురి ఎడమ కన్ను

ఆ వీధిలో పిల్లలు ఫోను చూసుకుంటూ నడిచి వచ్చి, కళ్ళద్దాల దుకాణం దగ్గరపడగానే దాన్ని గబుక్కున సంచిలో దోపేసేవాళ్ళు. దుకాణం దాటి నాలుగడుగులు వేశాక మళ్ళీ తీసేవాళ్ళు. లోపల గాజు బల్ల వెనక కూర్చున్న మనిషి కంట పడితే అంత తేలిగ్గా వదలడని అందరికీ అనుభవమే. పేరు పెట్టి పిలుస్తాడు, ఎత్తు కుర్చీలో కూర్చోబెడతాడు, ఒక కన్ను మూయించి అంకెలు చదివిస్తాడు, ఆపైన పది నిమిషాలు తలంటి పంపిస్తాడు. అందుకే పిల్లలు ఆయనకి ఫోను మామ అని పేరు పెట్టారు. ఆ పేరు చివరికి పెద్దవాళ్ళ నోళ్ళలోనూ నలిగి, దుకాణం మీద రాసి ఉన్న అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

కళ్ళకి పవర్ చూడడం, అద్దాలు అరగదీయడం, ఫ్రేములో బిగించడం ఆయన పని. ఉపన్యాసం దానికి కొసరు. బల్ల వెనక ఒక అట్ట వేలాడేది. దాని మీద పిల్లల పెంపకం గురించి ఎనిమిది సూత్రాలు స్వదస్తూరితో రాసుకున్నాడు. భోజనం దగ్గర ఫోను వద్దు, పక్క మీద వద్దు, ఏడ్చినంత మాత్రాన ఇవ్వొద్దు, పని తెముల్చుకోడానికి అసలే ఇవ్వొద్దు, ఇలా ఎనిమిదీ ఫోను చుట్టూనే తిరిగేవి. పిల్లలకి ఫోను తప్ప మరో కష్టం ఉంటుందని ఆయనకి తట్టినట్టు లేదు.

"ఫోను చేతిలో పెట్టకపోతే వీడు ముద్ద ముట్టడండీ" అని ఒకావిడ, ఏడేళ్ళ కొడుకుని తీసుకొచ్చి మొరపెట్టుకుంది.

"ఒక పూట ముట్టకపోతే ఏం కాదమ్మా. రెండో పూట వాడే అడుగుతాడు."

"మీకేం, ఎన్నయినా చెప్తారు. ఇంట్లో వేగేది మేమేగా."

ఇలాంటి మాట ఎవరన్నా, దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆయన వెనక గదిలోకి తిరిగి "అమ్మడూ, ఇలా రామ్మా" అని పిలిచేవాడు. బడి నుంచి వచ్చి అక్కడే హోంవర్కు చేసుకునే కూతురు, పెన్సిలు చేత్తో పట్టుకునే వచ్చేది. ఎదురు గోడ మీది అంకెల చార్టులో అట్టడుగు వరస చదవమనేవాడు. పిల్ల గడగడా చదివేది. "పదకొండేళ్ళు దాటాయి. ఈ రోజు వరకు ఫోను ముట్టలేదు. కళ్ళు చూడండి, బంగారం" అనేవాడు. వచ్చినవాళ్ళు అద్దాల డబ్బులిచ్చి లేచేవాళ్ళు. పిల్ల తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయేది. అది సిగ్గు అని ఆయన అనుకునేవాడు.

అసలు సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఆ పిల్లకి ఎడమ కన్ను కనబడదు. పూర్తిగా చీకటి కాదు. మనుషులు ఆకారాల్లా, అంకెలు మసకల్లా కనబడతాయి. రెండు కళ్ళూ తెరిచి చదివినప్పుడల్లా చదివేది కుడి కన్నొక్కటే. వీధిలో అందరి పిల్లల కళ్ళూ చూసిన మనిషికి, సొంత కూతురి ఎడమ కన్ను సంగతి ఎనిమిదేళ్ళు తెలియలేదు. కంటికి అలాంటి లోపం ఎంత త్వరగా పట్టుకుంటే అంత బాగవుతుందని, ఏటికేడాదీ ఆ అవకాశం కరిగిపోతుందని ఆయనకి తెలుసు కూడాను.

ఇంత పట్టుదల ఆయనకి ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఆయనకి దూరం చూపు ఆనేది కాదు. బడిలో నల్లబల్ల మీద ఏం రాశారో కనబడక పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసేవాడు. కాపీ కొడుతున్నాడని మాస్టారు బెంచీ ఎక్కించేవారు. బెంచీ ఎక్కినా కనబడేది కాదు. పద్నాలుగో ఏట ఎవరో పుణ్యాత్ములు పెట్టిన ఉచిత శిబిరంలో మొదటిసారి అద్దాలు పెట్టారు. ఇంటికొచ్చి వాళ్ళమ్మ మొహం చూసి, "అమ్మా, ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అని అడిగాడు. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక నెత్తి మీద ఒకటిచ్చింది. ఆ రోజే కళ్ళద్దాల పని తప్ప వేరే పని చెయ్యనని నిశ్చయించుకున్నానని చెప్పుకునేవాడు. కొంత అతిశయోక్తి ఉంటే ఉండొచ్చు. కాని ఇరవయ్యో ఏట ఒక పెద్దాయన దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో చేరి, పదేళ్ళు ఆయన దగ్గరే నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకున్న మాట మాత్రం నిజం.

పెద్దాయన ఆయనకి నేర్పిన పాఠం ఒకటుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "ఇదా, అదా? ఏది బాగుంది?" అని అడగాలి. వాళ్ళేం చెబితే అది నమ్మాలి. నీకు తోచింది వాళ్ళ నోట్లో పెట్టకూడదు. ఆయన రోజుకి యాభైసార్లు ఆ మాట అడిగేవాడు. ఓపిగ్గా అడిగేవాడు. చత్వారం వచ్చిన ముసలివాళ్ళు ఒకే అద్దానికి రెండుసార్లు రెండు జవాబులు చెప్పినా విసుక్కునేవాడు కాదు. ఇంటికెళ్ళాక మాత్రం ఎవరినీ ఏదీ అడిగే అలవాటు ఉండేది కాదు. అక్కడ చెప్పడమే.

కూతురు దుకాణంలోనే పెరిగింది. వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో కాజాలూ గుండీలూ తనిఖీ చేసే ఉద్యోగానికి వెళ్ళేది కనుక, మూడేళ్ళ పిల్లని ఆయన బల్ల కిందే చాప వేసి ఆడించేవాడు. వెలిగే పెట్టెలో బిగించిన అంకెల చార్టే ఆ పిల్లకి మొదటి బొమ్మల పుస్తకం. వచ్చినవాళ్ళు చదువుతుంటే విని విని, నాలుగేళ్ళు నిండకుండానే మొత్తం పాటలా అప్పజెప్పడం నేర్చుకుంది. "ఏడూ... నాలుగూ రెండూ... తొమ్మిదీ మూడూ ఆరూ..." అంటూ చివరి వరస దాకా వెళ్ళి చేతులు చాపేది. ఆయన చేస్తున్న పని ఆపి మరీ చప్పట్లు కొట్టేవాడు. అద్దాల కోసం కూర్చున్నవాళ్ళు కూడా కొట్టేవాళ్ళు.

నాలుగో పుట్టినరోజున ఆ పిల్లని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి మొదటిసారి కళ్ళు పరీక్షించాడు. కుడి కన్ను. ఆ తర్వాత ఎడమ కన్ను. పిల్ల రెండుసార్లూ పాట పాడింది. ఆయన చప్పట్లు కొట్టి, నోటు పుస్తకంలో రెండు కళ్ళకీ ఆరుకి ఆరు అని రాసుకున్నాడు, అంటే లోపం ఏమాత్రం లేదని. ఏటా పుట్టినరోజున అదే పరీక్ష, అవే చప్పట్లు, అదే రాత. వేరే పిల్లలు వస్తే, కంఠతా పట్టారేమోనని వరసని వెనక నుంచి చదివించేవాడు. అద్దాలు తప్పించుకోడానికి అబద్ధమాడేవాళ్ళని అలా ఎంతమందినో పట్టుకున్నాడు. గడ్డం ఆనిస్తే పవర్ చెప్పే మిషను కొన్నాక వీధిలో పిల్లలందరి గడ్డాలూ దాని మీద పెట్టించాడు. తన కూతురి గడ్డం మాత్రం పెట్టలేదు. బంగారం లాంటి కళ్ళకి మిషనెందుకు?

మొదట అనుమానపడింది పిల్ల తల్లి. వంకర కాజా కనబడితే తీసి పక్కన పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ కళ్ళు ఇంటికొచ్చినా ఊరుకోవు కదా.

"ఏమండీ, చదివేటప్పుడు ఇది మొహం ఎడమకి తిప్పేసి, పుస్తకం కుడి కంటికి ఎదురుగా పెట్టుకుంటోంది."

"అలవాటు. నిటారుగా కూర్చోమను."

"నీళ్ళు గ్లాసులో పొయ్యమంటే గ్లాసు పక్కన పోస్తోంది."

"పరధ్యానం."

"సూదిలో దారం ఎక్కించమంటే ఆరుసార్లు తప్పింది. నాకు భయంగా ఉందండీ. ఒకసారి పెద్దాసుపత్రిలో చూపిద్దాం."

దాంతో ఆయనకి ఎక్కడో తగిలింది. "ఊరందరికీ కళ్ళు చూసేవాణ్ణి, నా పిల్లని ఇంకొకళ్ళకి చూపించాలా? ఏటేటా చూస్తూనే ఉన్నాను. కావాలంటే పుస్తకం చూసుకో" అన్నాడు. పుస్తకంలో ఆరుకి ఆరు వరసగా ఉన్నాయి. ఆమె పుస్తకం మూసి తిరిగి ఇచ్చేసింది.

కాని ఆయన మనసులో పురుగు దూరింది. కళ్ళల్లో లోపం లేదు, అయినా పిల్ల తడబడుతోంది. అంటే ఎక్కడో ఫోను చూస్తోంది! ఇంట్లో కాదు, దుకాణంలో కాదు. ఇక మిగిలింది పక్క వీధిలో ఉన్న స్నేహితురాలి ఇల్లు. లెక్క అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినంత సులువుగా తేలింది ఆయనకి.

ఒక సాయంత్రం అమ్మడు వెనక గదిలోంచి వస్తూ మెట్టు దిగబోయి, మెట్టు ఎక్కడుందో అందక తూలి, బిగించి పెట్టిన అద్దాల పళ్ళేన్ని కింద పడేసింది. మూడు జతలు పగిలాయి. ఆయన ముందు పిల్లకి దెబ్బ తగిలిందేమో చూడాల్సింది. చూడలేదు.

"కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తున్నావు?"

"కనబడలేదు నాన్నా."

"కనబడకపోవడమేంటి? చెప్పు, ఎవరింట్లో చూస్తున్నావు ఫోను?"

"చూడట్లేదు."

"అబద్ధాలు కూడా మొదలెట్టావా?"

చెయ్యి పట్టుకుని స్నేహితురాలింటికి తీసుకెళ్ళాడు. గుమ్మంలో నిలబడే ఆ ఇల్లాలిని అడిగాడు. "మా ఇంట్లో ఇద్దరూ లెక్కలు చేసుకుంటారండీ, అంతే. ఫోను నా దగ్గరే ఉంటుంది" అందావిడ నొచ్చుకుంటూ. ఆయన నమ్మినట్టు తలూపి, నమ్మకుండానే తిరిగొచ్చాడు. ఆ మర్నాటి నుంచి అమ్మడు ఆ ఇంటికి వెళ్ళడం మానేసింది. తల్లి వెళ్ళమన్నా వెళ్ళలేదు. తన మందు పని చేసిందనుకున్నాడు ఆయన.

ఇది జరిగిన రెండు నెలలకి పన్నెండో పుట్టినరోజు వచ్చింది.

పాత చార్టు లోపలి దీపం వేడికి పసుపుబారి, మూల పగిలింది. కొత్తది తెప్పించి ఆ ఉదయమే అదే పెట్టెలో, అదే చోట బిగించాడు. అమ్మడు బడి నుంచి వస్తూనే కుడి కన్ను నలుపుకుంటోంది. దారిలో లారీ లేపిన దుమ్ము పడిందట. కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది. దోసెడు నీళ్ళతో కడిగించి, కుర్చీలో కూర్చోబెట్టి, "సరే, ఈ ఏడు ఎడమ కంటితో మొదలెడదాం. కుడిది మూసే ఉంచు, దానికి కాస్త విశ్రాంతి" అన్నాడు. ఎనిమిదేళ్ళలో ఎడమ కన్ను ముందు చూడడం అదే మొదలు.

పిల్ల అరచేత్తో కుడి కన్ను మూసుకుంది.

"ఏడు."

సరిగ్గానే చెప్పింది. కొత్త చార్టులోనూ పైనున్న పెద్ద అంకె ఏడే.

"కింద?"

"నాలుగు, రెండు."

అక్కడున్నవి మూడు, ఎనిమిది. ఆయన నవ్వాడు. పుట్టినరోజు కదా, వేళాకోళం చేస్తోందనుకున్నాడు. పిల్ల ఆగలేదు. "తొమ్మిది, మూడు, ఆరు. రెండు, ఐదు, ఎనిమిది, మూడు. ఆరు, తొమ్మిది, నాలుగు, ఏడు, ఐదు..." ఒక్క అంకె తడబడకుండా, పాత చార్టు పాతగా, చివరిదాకా. మొహంలో నవ్వు లేదు.

ఆయన లేచి వెళ్ళి చార్టు పక్కన నిలబడ్డాడు. మూడో వరస మీద అరచెయ్యి పూర్తిగా కప్పేశాడు.

"ఇది చదువమ్మా."

"తొమ్మిది, మూడు, ఆరు."

కాసేపు ఆ చెయ్యి అక్కడి నుంచి తియ్యడం కూడా ఆయనకి చేతకాలేదు. "కుడి కన్ను తెరువు అమ్మడూ" అన్నాడు చివరికి. పిల్ల చెయ్యి తీసింది. ఎర్రబడిన కంటితో చార్టు చూసింది, దాని మీద ఉన్న తండ్రి చెయ్యి చూసింది. మొహం పాలిపోయింది.

"చార్టు మార్చేశావా?" అంది.

కోపం రాలేదు ఆయనకి. వచ్చి ఉంటే బాగుండేది, కోపంతో అయినా నిలబడేవాడు. పరీక్ష ఫ్రేము తీసి కూతురి ముక్కు మీద పెట్టాడు. కుడి వైపు నల్ల బిళ్ళ, ఎడమ వైపు ఒక అద్దం. అది తీసి ఇంకోటి. "ఇదా, అదా?" అని అడిగాడు.

"రెండూ ఒకటే నాన్నా."

ఇంకొంచెం బలమైనది వేశాడు. "ఇదా, అదా?"

"ఒకటే."

పెట్టెలో ఉన్న అద్దాలన్నీ అయిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు. ఎలాంటి అద్దానికీ లొంగని కన్నంటే ఏమిటో ఆయనకి తెలుసు. అయినా ఆపలేదు. చివరికి పిల్లే, "చెవి నొప్పెడుతోంది నాన్నా" అని ఫ్రేము తీసేసింది.

మర్నాడు ముగ్గురూ కంటి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ఆయన కన్నా పదిహేనేళ్ళు చిన్నది. మందు చుక్కలు వేసి, దీపాలు వేసి చూసి, కుర్చీ వాళ్ళ దగ్గరికి జరుపుకుంది.

"పుట్టుకతోనే రెండు కళ్ళ పవర్లో పెద్ద తేడా ఉందండీ. కన్ను మంచిదే. మెదడే చిన్నప్పటి నుంచి ఆ కన్ను చెప్పేది వినడం మానేసింది. పైకి మెల్ల లాంటిదేమీ లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టడం కష్టం. మీరేం చేస్తుంటారు?"

"కళ్ళద్దాల దుకాణం" అని భార్య చెప్పింది.

డాక్టరమ్మ కాగితం మీదికి చూపు తిప్పుకుంది. మర్యాదస్తురాలు.

"నాలుగేళ్ళప్పుడు తెలిసి ఉంటే..." అని ఆయనే అడిగాడు.

"దాదాపు పూర్తిగా వచ్చేదేమో. ఇప్పుడు కొంత వస్తుంది. ఎంతో చెప్పలేను. అద్దాలు పెట్టి, మంచి కన్ను రోజుకి రెండు గంటలు మూసి ఉంచాలి. ఆ రెండు గంటలూ ఎడమ కంటికి దగ్గర పని ఉండాలి. చదువు కష్టం, మొదట్లో అక్షరాలు ఆనవు. ఫోన్లో ఆటలు ఆడించండి. పిల్లలు వాటి ముందయితే విసుగు లేకుండా కూర్చుంటారు."

"ఫోనా?" అన్నాడు ఆయన.

"అవునండీ. రోజూ. తప్పకుండా."

తిరుగు ప్రయాణంలో బస్సు కోసం ఆసుపత్రి బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. తల్లి మందుల కోసం లోపలికి వెళ్ళింది. ఆయన కూతురి వైపు తిరగకుండానే అడిగాడు. అడగడం అలవాటు లేని మనిషి కదా, మాటలు కూడగట్టుకోడానికి చాలాసేపు పట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడో తరగతిలో. ఆటల పిరియడ్లో ఒక కన్ను మూసుకుని బంతి గురి చూసి వెయ్యమన్నారు. అందరికీ కనబడింది, నాకు లేదు."

"అంతకు ముందు పరీక్ష చేసినప్పుడు?"

"అది చూసి చెప్పాలని నాకు తెలీదు నాన్నా. పాట అప్పజెప్పాలనుకున్నా. అప్పజెబితే నువ్వు చప్పట్లు కొట్టేవాడివి కదా."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలెట్టాడు. తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

"తెలిశాకయినా చెప్పొచ్చు కదమ్మా."

"చెబుదామని వచ్చా, ఆ రోజే. నువ్వు ఎవరికో చెబుతున్నావు, కళ్ళు పాడయ్యాయంటే ఫోను చూసినట్టే లెక్క అని. నేను చూడలేదు కదా. మరి చూశావంటావని..." పిల్ల కళ్ళ నీళ్ళు మోచేత్తో తుడుచుకుంది. "చెప్పకపోయినా అన్నావు."

ఆ మాట అనడానికి ఆ పిల్లకి ఎంత ధైర్యం కావాలో, విన్నవాడికే తెలిసింది. స్నేహితురాలి గుమ్మం, ఆ ఇల్లాలి మొహం, పగిలిన అద్దాల మధ్య మోకాలు పట్టుకుని నిలబడ్డ పిల్ల, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. అంతకన్నా పెద్ద మాట ఏదైనా ఉంటే బాగుండుననిపించింది. పిల్ల ఏడుస్తూనే తండ్రి భుజానికి తల ఆనించింది. పిల్లలు అంత తొందరగా క్షమించకూడదు. పెద్దవాళ్ళకి తట్టుకోవడం కష్టం.

ఇంటికొచ్చాక భార్య వారం రోజులు ఆయనతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఎనిమిదో రోజు బట్టలు మడత పెడుతూ, "ఫ్యాక్టరీలో వంకర కనబడితే సూపర్వైజరుతో పోట్లాడైనా పక్కన పెట్టిస్తాను. ఇంట్లో కనబడితే మీ పుస్తకం చూసి నోరు మూసుకున్నాను. మిమ్మల్ని ఏమనను?" అంది. తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

మొదటి అద్దాలు ఆయనే అరగదీశాడు. ఇరవై అయిదేళ్ళ అనుభవంలో ఒక్క జతకి అంతసేపు ఎన్నడూ పట్టలేదు. స్నేహితురాలింటికి ఒంటరిగా వెళ్ళి, ఆ ఇల్లాలితో ఉన్నదున్నట్టు చెప్పి, క్షమించమన్నాడు. ఆ మర్నాడే ఆ పిల్ల పుస్తకాల సంచితో సహా దుకాణానికి వచ్చి వాలింది.

ఇక ఆ వీధి చూసిన వింత ఏమిటంటే, ఫోను మామ కూతురు, కుడి కంటి మీద పట్టీ అంటించుకుని, దుకాణం నడి మధ్యన కూర్చుని, ఫోను మామ ఫోన్లోనే రంగు బుడగలు పేలుస్తూ ఉండడం. పిల్లలు గుంపులుగా వచ్చి గాజు తలుపుకి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. మొదటివారం ఎవరడిగినా ఆయన "డాక్టరు చెప్పారు" అని పొడిగా తేల్చేసేవాడు. వెనక గదిలో కూర్చోమని కూతురికి చెప్పి చూశాడు కూడా. "అక్కడ వెలుతురు లేదు నాన్నా" అంది ఆ పిల్ల. వెలుతురు ఉందని ఆయనకి తెలుసు. పిల్ల ఇక లోపల దాక్కోదలుచుకోలేదు.

నాలుగు నెలలయ్యాక, ముద్ద ముట్టని కొడుకు తాలూకు తల్లి మళ్ళీ వచ్చింది. వాడి ఫ్రేము వంగింది. అమ్మడి చేతిలో ఫోను చూసి ఆమె కళ్ళు మెరిశాయి. ఎన్నాళ్ళ బాకీయో తీర్చుకునే సమయం దొరికినట్టుంది.

"అయితే మీ ఇంటికీ వచ్చిందన్నమాట ఫోను! ఏవండీ, మరి ఆ బంగారం లాంటి కళ్ళు?"

దుకాణంలో మరో ముగ్గురు కూర్చుని ఉన్నారు. అమ్మడు ఆడుతున్న వేలు ఆపింది. ఆయన వంగిన ఫ్రేముని సరిచేసి, బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మాయికి ఎడమ కన్ను కనబడదమ్మా. పుట్టుకతోనే. ఎనిమిదేళ్ళు నేను కనిపెట్టలేదు. ఫోను చూస్తోందేమోనని కాపలా కాశాను కాని, దాని కన్ను చూడలేదు. నాకు చెప్పడానికి భయపడింది. అంత భయపెట్టాను."

ఆమె మొహంలో ఆ మెరుపు పోయింది. కొడుకు తల నిమిరింది. "మరి వీణ్ణి ఏం చెయ్యమంటారు?" అని, ఈసారి నిజంగానే అడిగింది. ఆయన అలవాటుగా వెనక్కి తిరిగి అట్ట వైపు చూశాడు. అట్ట అక్కడే ఉంది, దాని మీద ఎనిమిది సూత్రాలూ ఉన్నాయి. అవి తప్పని ఇప్పటికీ ఆయన అనుకోడు.

"నాకు తెలీదమ్మా. ఫోను తగ్గిస్తే మంచిదే. కాని వాడికి తినేటప్పుడు ఏమవుతుందో వాణ్ణి అడిగారా?" అన్నాడు. ఆమె లేదని తలూపింది. ఆయన పిల్లాణ్ణి కుర్చీ ఎక్కించి, కొత్తగా కుట్టించిన నల్లటి తెర లాగాడు. ఇప్పుడు చార్టులు మూడు. పిల్లలు కూర్చున్నాకే ఏదో ఒకటి తెర తీసి చూపిస్తాడు.

వాడి పరీక్ష అయ్యాక అమ్మడి వంతు. నెలకోసారి చూసి డాక్టరమ్మకి కబురు చెయ్యాలి. కుడి కంటి మీద పట్టీ అలాగే ఉంచి, పిల్ల కుర్చీలో కూర్చుంది. ఆయన తెర తీశాడు.

"నాలుగు" అంది. కిందికి వచ్చి, కళ్ళు చిట్లించి, "ఎనిమిది... ఒకటి" అంది. మూడో వరస దగ్గర చాలాసేపు పట్టింది. మెడ ముందుకు చాపి, ఒక్కొక్కటే పైకి లాగుతున్నట్టు, "ఐదు... రెండు... తొమ్మిది" అంది. మొదటి నెలలో కనబడింది పై అంకె ఒక్కటే. నాలుగో వరసకి వచ్చింది. పెదవులు కదిలాయి. ఏదో ఒక అంకె చెప్పేయొచ్చు, కుదిరితే కుదురుతుంది. తండ్రి ఏం వినాలని ఎదురుచూస్తున్నాడో ఆ పిల్లకి తెలుసు.

"ఇక్కడి నుంచి కనబడట్లేదు నాన్నా" అంది.

ఆయన చప్పట్లు కొట్టాడు.

బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పిల్ల ఏదో గెలిచిందనుకుని తలలు తిప్పి చూశారు. ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు, కళ్ళద్దాల వెనక నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా. అమ్మడికి సిగ్గేసింది. "ఊరుకో నాన్నా, మూడు వరసలేగా" అంది. ఆయన నోటు పుస్తకం తీసి, ఎడమ కన్ను అని ఉన్న చోట, మూడు వరసలు అని రాసుకున్నాడు.